గేటు జుమ్మంటుంది

మానుకోట స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా అన్న ఫ్లెక్సీ కనిపించింది. మెడలో కండువా ఉంది. బతికినన్నాళ్ళూ ఆ మెడలో నేను కండువా చూడలేదు. చెమట తుడుచుకునే తువ్వాల ఒకటి ఉండేది, అది కూడా ఎప్పుడూ కుర్చీకి వేలాడుతుండేది. ఎవరో ఆయన పాత ఐడీ కార్డు ఫోటో తీసుకుని, కంప్యూటర్లో మెడ కింద కండువా అతికించి, 'ఉద్యమ బిడ్డకు జోహార్లు' అని రాయించారు. అతికించినవాడికి పని రాదు. కండువా కొస ఒకటి చెవి మీదికి ఎక్కింది. ఫ్లెక్సీలో అన్న ఫోటో అరచేయంత ఉంది, దాన్ని కట్టించిన పెద్దమనిషి ఫోటో తలుపంత ఉంది. ఆ పెద్దమనిషి మా ఆఫీసు హెడ్డు. అన్నను భూపాలపల్లి డీజిల్ గోదాముకు పంపింది ఆయనే. నాకు ఏడుపు రావాల్సిన చోట కోపం వచ్చింది. తండాకు పోయే ఆటోలో కూర్చున్నా అది దిగలేదు.

ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో నేను జనగామ నుంచి హైదరాబాదు వెళ్ళి, సెల్ టవర్ల నిర్వహణ చూసే ఒక ప్రైవేటు కంపెనీలో చేరాను. సర్వర్ గదిలో ఒక కాలు మడిచి కుర్చీ మీద పెట్టుకుని, రెండే రెండు వేళ్ళతో కీబోర్డు మీద దరువు వేస్తూ కూర్చున్నాడు, తర్వాత నేను అన్నా అని పిలిచిన ఆ మనిషి. తల తిప్పకుండానే ఏ ఊరని అడిగాడు. జనగామ అన్నాను.

"మంచిగైంది. 'ఏంది' అంటే నవ్వని మనిషి ఒకరన్న దొరికిండ్రు ఈ ఆఫీసుల" అన్నాడు.

ఆయన మంచివాడని నేను చెప్పను. పొద్దున రాగానే నమస్తే, గుడ్మార్నింగ్ ఏమీ ఉండేవి కావు. "ఎవడు సచ్చిండు ఇయ్యాల?" అనేవాడు. అడిగేది సర్వర్ల సంగతి. చదవకుండా వచ్చి సందేహం అడిగితే మొహం మీదే "చదివి రా" అని తిప్పి పంపేవాడు. భార్య ఫోను చేస్తే సగం మాటలోనే కట్ చేసేవాడు. ఆఫీసు క్యాంటీన్‌లో అందరి మధ్య జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం విప్పి, వాసనకు ఎవరైనా ముక్కు చిట్లిస్తే కావాలని వాళ్ళ పక్కకే జరిగి తినేవాడు. ఆయనతో పనిచేయడం అంటే రోజూ ఎవరితోనో ఒకరితో తగాదా పడటమే.

తల్లి ఫోను మాత్రం కట్ చేసేవాడు కాదు. ఆమెతో లంబాడీలో మాట్లాడేవాడు. అప్పుడు గొంతు వేరే మనిషిది అయ్యేది. ఒకసారి ఫోను పెట్టేశాక నావైపు తిరిగి, అడగకుండానే చెప్పాడు. "తెలుగు మా ఇంట్ల లేదు చెల్లే. బడిల కొట్టి నేర్పిండ్రు. ఎట్లనో కష్టపడి నేర్చుకుని పట్నం వస్తె, నువ్వు నేర్చుకున్నది తెలుగే కాదు పో అన్నరు." చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆయన పని లాగ్ సర్వర్ చూసుకోవడం. యంత్రాలకు ఏం జరిగినా ఒక్కొక్క వాక్యంగా చెప్పుకుంటూ ఉంటాయి. లేచాను, వేడెక్కాను, కరెంటు పోయింది, డిస్కు నిండింది అని. ఆ మాటలన్నిటినీ ఒకచోట పోగుచేసేది లాగింగ్ సాఫ్ట్‌వేర్. అది ఒంటరిగా చేసేది చాలా తక్కువ. దానికి మాడ్యూళ్ళు ఎక్కించాలి. వినడానికి ఒక మాడ్యూల్, విన్నది అర్థం చేసుకోవడానికి ఒకటి, రాసిపెట్టడానికి ఒకటి, ప్రమాదం అయితే మా ఫోన్లు మోగించడానికి ఒకటి. ఫలానాది ఎక్కించు అని సెట్టింగుల ఫైలులో ఒక లైను రాస్తేనే ఎక్కుతుంది. ఆ లైను లేకపోతే మాడ్యూల్ డిస్కులో పడి ఉన్నా పనికిరాదు. "ఎక్కించకపోతె లేనట్టే" అనేది ఆయన ఊతపదం. క్యాంటీన్ కూరలో ఉప్పు తక్కువైనా, టీవీలో మంత్రి హామీ ఇచ్చినా అదే మాట.

లైనును చెరిపేయకుండా ఆపే పద్ధతి కూడా ఉంది. దాని ముందు హ్యాష్ గుర్తు పెడితే చాలు, యంత్రం ఆ లైనును దాటేసి పోతుంది. లైను ఉన్నచోటే ఉంటుంది, చూసేవాళ్ళకు కనిపిస్తుంది, ఏ పనీ చేయదు.

టవర్ల దగ్గర యంత్రాలతో పాటు మనుషులు కూడా ఉండేవారు. ఒక్కో టవరుకు చుట్టుపక్కల ఊరి మనిషి ఒకరు కాపలా. డీజిల్ పోయడం, జనరేటర్ వేయడం, ఏదైనా చెడిపోతే మా నంబరుకు మెసేజ్ పంపడం వాళ్ళ పని. ఆ మెసేజ్ కూడా నేరుగా లాగ్ సర్వర్‌కే వచ్చేది. ఎలా పంపాలో ఇంగ్లీషులో ఒక కార్డు అచ్చు వేసి టవర్ గది తలుపుకు అతికించారు. టవర్ నంబరు, కామా, ఏ లోపానికి ఏ అంకె అన్నది ఆ కార్డులో ఉంటుంది. కొడకండ్లలో ఆ కార్డు ఎండకు తెల్లబడిపోయింది. వేరే చోట్ల మేకలు తిన్నాయి. ఉన్నచోట కూడా ఎవరూ చూడలేదు. వాళ్ళు తమ మాటలోనే, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపేవారు. డీజిల్ ఒడిసింది, అంటే అయిపోయింది. బ్యాటరీ సతాయిస్తుంది. కోతి వైరు గుంజింది. సాఫ్ట్‌వేర్‌కు ఇవి అర్థం కావు. అర్థం కానివన్నీ ఒక పక్క ఫైలులో పడేసేది. ఆ ఫైలు తెరిచేవాళ్ళు లేరు.

అన్న తెరిచాడు. కొన్నాళ్ళు అదే పనిగా చదివాడు. ఆ మాటలు అర్థం చేసుకునే మాడ్యూల్ ఒకటి తనే రాస్తానని కూర్చున్నాడు. ఎవరూ రాయమనలేదు. మాటలు పోగేయడానికి సెలవు రోజుల్లో ఊళ్ళు తిరిగేవాడు. జఫర్‌గఢ్‌కు నన్ను కూడా లాక్కుపోయాడు. అక్కడి కాపలా మనిషి మమ్మల్ని చూసి, తనిఖీకి వచ్చామనుకుని చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

"జనరేటర్ ఆగిపోయే ముందు ఏమైతది?" అని అడిగాడు అన్న.

"జనరేటర్ ఫెయిల్ అయితది సార్."

"ఫెయిల్ వద్దు. ఇంట్ల మీ ఆమెకు ఏమని చెప్తవ్?"

"జనరేటర్ ముచ్చట ఆమెకెందుకు చెప్త సార్?"

నేను నవ్వాను. అన్న నవ్వలేదు, నేల మీద చతికిలబడి మళ్ళీ అడిగాడు. ఆ మనిషి నావైపు, జనరేటర్ వైపు చూసి, సిగ్గుపడుతూ చెప్పాడు. "దమ్ము తీస్తది సార్. ముసలోని లెక్క దమ్ము తీసి తీసి ఆగుతది."

"గదే! గదే గావాలె నాకు" అని అన్న తొడ మీద చరుచుకున్నాడు. ఫోనులో ఎక్కించుకుంటూ ఉంటే ఆ మనిషి వంగి చూసి అడిగాడు. "మా మాట మీ మిషన్‌కు ఎట్ల తెలుస్తది సార్?"

"నేను చెప్త. ఇంటది."

విన్నది కూడా. మాడ్యూల్ ఎక్కించిన కొన్నాళ్ళకు కొడకండ్ల నుంచి 'డీజిల్ ఒడిసింది అన్నా' అని మెసేజ్ రాగానే మా ఫోన్లు మోగాయి. ఆయన కుర్చీలోంచి లేచి, నా టీ కూడా తనే తాగేశాడు. అంత సంతోషంగా ఆయన్ని మళ్ళీ చూడలేదు.

అప్పటి మేనేజర్ కోస్తా ఆయన. మెత్తగా, మర్యాదగా మాట్లాడే మనిషి. ఎవరినీ నువ్వు అనడు. "బాగానే ఉందండీ, సరదాగా ఉంది. కానీ రేపు ఆడిట్‌కి ఎవరైనా వచ్చి ఇదేం భాషండీ అంటే నేనేం చెప్పాలి?" అన్నాడు. మిగతావాళ్ళకు అంత మర్యాద లేదు. సినిమాల్లో రౌడీల భాష సర్వర్‌లో పెట్టారని భోజనాల దగ్గర ఎగతాళి చేసేవారు. "డీజిల్ ఒడిసింది" అని ఒకడు గొంతు మార్చి అనేవాడు, పక్కవాడు పడీ పడీ నవ్వేవాడు. అన్న రొట్టె నములుతూ వినేవాడు.

ఆ వానాకాలం మళ్ళీ సమ్మెలు, బంద్‌లు జోరందుకున్నాయి. మానుకోటలో రైల్ రోకో అంటే తండా తండా కదిలింది. అన్న సెలవు అడిగితే మేనేజర్ నవ్వుతూ వెళ్ళి రమ్మన్నాడు. పట్టాల మీద తల్లి పక్కన కూర్చున్నానని నాకు ఫోనులో చెప్పాడు. రైళ్ళు ఆగిపోయాయి, బస్సులు ఆగిపోయాయి, ఆయన అక్కడే ఉండిపోయాడు.

సర్వర్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కు మార్చాల్సిన పని ఆ రోజుల్లోనే పడింది. అన్న వచ్చేదాకా ఆపమన్నాను. ఆపలేదు. బయటి నుంచి వచ్చిన కాంట్రాక్టు మనిషి మార్చాడు. పాత వెర్షన్ కోసం కట్టిన మాడ్యూల్‌ను కొత్తది ఎక్కించుకోదు, మళ్ళీ కట్టుకోవాలి. అన్న కూర్చుంటే ఒక పూట పని. కాంట్రాక్టు మనిషి ఆ లైను ఏమిటని అడిగితే మేనేజర్, "అది వారి సొంతదండీ, వారొచ్చాక చూసుకుంటారు, ప్రస్తుతానికి పక్కన పెట్టండి" అన్నాడు. లైను ముందు హ్యాష్ పడింది.

మహదేవపూర్ అవతల గోదావరి ఒడ్డున ఒక టవర్ ఉంది. వానలకు అక్కడ ఎక్కడో వైరు తెగి ఇనుప గేటుకు తగిలింది. కాపలా మనిషి మెసేజ్ పంపాడు: గేట్ జుమ్మంటుంది. తర్వాత మళ్ళీ పంపాడు: గేట్ బాగ జుమ్మంటుంది సార్, జర చూడున్రి. జుమ్మంటే షాక్ కొట్టడమని అన్న మాడ్యూల్‌కు తెలుసు, కానీ అది ఆగి ఉంది. రెండూ పక్క ఫైలులోకి పోయాయి. ఎవరి ఫోనూ మోగలేదు. డీజిల్ పోయకపోతే టవర్ ఆగుతుంది, టవర్ ఆగితే జీతం కోస్తారు. తడిసిన చేత్తో గేటు పట్టుకున్నాడు. ఆ చెయ్యి మళ్ళీ ఊడిరాలేదు.

అన్న తిరిగి వచ్చాక నిలబడే ఆ ఫైలు చదివాడు. కూర్చోమంటే కూర్చోలేదు. అదే కాళ్ళతో మహదేవపూర్ వెళ్ళి, చనిపోయిన మనిషి భార్యను చూసి వచ్చాడు. లోపం గురించి ముందుగా సమాచారం ఇవ్వలేదు, అజాగ్రత్త వల్ల జరిగింది అని కంపెనీ అప్పటికే ఆమెకు చెప్పేసింది. అన్న మేనేజర్‌ను పిలుచుకొచ్చి స్క్రీన్ ముందు నిలబెట్టాడు. నేను పక్కనే ఉన్నాను.

"చెప్పిండు సార్. రెండుసార్లు చెప్పిండు. చూడున్రి."

మేనేజర్ చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "దీనికి అంకె ఉంది కదండీ. కార్డు మీద ఉంది. అంకె పంపితే సమాచారం. ఇది సమాచారం కిందికి రాదు."

"మనిషి సచ్చిండు సార్."

"నాకూ బాధగానే ఉందండీ" అన్నాడు. అబద్ధం ఆడలేదు, నిజంగానే బాధపడ్డాడు. అందుకే ఆ మనిషి మీద నా కోపం ఇవాళ్టికీ చల్లారలేదు.

అన్న ఆ పూటే మాడ్యూల్‌ను కొత్త వెర్షన్‌కు కట్టేశాడు. హ్యాష్ తీయడమే మిగిలింది. మేనేజర్ తీయనివ్వలేదు. ఇప్పుడు ఎక్కిస్తే, అప్పుడు ఎక్కించి ఉండాల్సిందని మనమే ఒప్పుకున్నట్టు అవుతుందన్నాడు. ఒక మనిషి ప్రాణం పోయింది కాబట్టి, ఆ ప్రాణాన్ని కాపాడి ఉండేది ఇకపై ఎవరినీ కాపాడకూడదు. ఈ తర్కం నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. అన్నకు అక్కడికక్కడే అర్థమైంది. సిస్టం మూసేసి బయటికి పోయాడు.

ఆయనకు ఒక అలవాటు అప్పుడు మొదలైంది. ఏ ఇనుప గేటు కనిపించినా తెరిచే ముందు చేతిని తిరగేసి, వేళ్ళ వెనక భాగంతో ఒకసారి తాకేవాడు. ఆఫీసు గేటు, బస్టాండులో కటకటాలు, సినిమా హాలు, ఆఖరికి గుడి గేటు కూడా. అరచేత్తో పడితే కరెంటు చేతిని గుంజి పట్టేస్తుంది, వెనక వైపు తాకితే చెయ్యి దానంతట అదే వెనక్కి ఎగురుతుంది. నాతో ఉంటే నన్ను చెయ్యి అడ్డం పెట్టి ఆపి, తను తాకాకే పోనిచ్చేవాడు. జనం వింతగా చూసేవారు. ఒక్కరికీ ఎందుకో చెప్పలేదు.

రాష్ట్రం వచ్చింది. ఆఫీసులో మిఠాయిలు పంచుకున్నాం, ఏడ్చాం, ఎగిరాం. దాచుకోను, నా జీవితంలో అంత సంతోషపడ్డ రోజు లేదు. కొన్నాళ్ళకు కోస్తా మేనేజర్ బదిలీ అయిపోయాడు. కొత్త హెడ్డు మా వైపు మనిషే. దీక్షా శిబిరాల్లో కూర్చున్నవాడు, అన్నను అన్నా అని పిలిచేవాడు. ఆ వారం అన్న ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. లోపలికి పోతూ నన్నూ రమ్మన్నాడు.

హ్యాష్ తీసి మాడ్యూల్ ఎక్కిద్దామని అన్న చెప్పిందంతా కొత్త హెడ్డు విన్నాడు. కుర్చీలో వెనక్కి వాలాడు.

"అన్నా, ఇంక గదేనా? రాష్ట్రమొచ్చింది. మనోళ్ళు గిట్ల మాట్లాడ్తరని మనమే చూపెట్టుకుందామా? మంచిగ ట్రైనింగ్ ఇద్దాం, అందరు అంకెలు నేర్చుకుంటరు."

"ట్రైనింగ్ పాతాయన గూడ ఇచ్చిండు."

"ఇప్పుడు ఎక్కిస్తే మహదేవపూర్ ముచ్చట మళ్ళ లేస్తది. అప్పుడే ఎక్కించాల్సుండె అని మనమే ఒప్పుకున్నట్టు కాదా?"

అన్న నావైపు చూశాడు. యాస మారింది, మాట అదే. ఆ చూపు ఇప్పుడు కూడా నన్ను నిద్రపోనివ్వదు. ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ, "ఎక్కించకపోతె లేనట్టే సార్" అని లేచాడు. హెడ్డుకు ఆ మాట అర్థం కాలేదు, నవ్వాడు.

ఆ నెలలోనే భూపాలపల్లికి బదిలీ. డీజిల్ గోదాము, డ్రమ్ముల లెక్క. నేను ఫోను చేసి ఏడిస్తే తనే ఓదార్చాడు. "నన్ను తీసెయ్యలే చెల్లే. ముందట హ్యాష్ పెట్టిండ్రు, అంతే."

ఒకసారి పోయి చూశాను. బొగ్గు లారీల దుమ్ముకు గోదాము గోడలు నల్లబడి ఉన్నాయి. ఆయన దగ్గర మందు వాసన కూడా వచ్చింది. డ్రమ్ముల లెక్క ఎవరో చూస్తారని వదిలేసి, జేబులో టెస్టర్ పెట్టుకుని లారీల మీద టవర్ టవరుకూ తిరిగేవాడు. గేట్లు తాకి చూసేవాడు. కాపలావాళ్ళను నిష్కారణంగా తిట్టేవాడు, "మెసేజ్ పెట్టకున్రి, నాకు ఫోన్ చెయ్యున్రి, కుక్క మొరిగినా నాకు ఫోన్ చెయ్యున్రి" అని. వాళ్ళు చేసేవారు కూడా. మేం హోటల్లో టీ తాగుతుంటే ఆయన ఫోను ఒక్క క్షణం ఆగలేదు. ప్రతిదానికీ కసురుకుంటూ జవాబు చెప్పాడు. సాఫ్ట్‌వేర్ చేయాల్సిన పని, ఒక మనిషి తాగి, తిట్టి, ఆరోగ్యం పాడు చేసుకుని చేస్తున్నాడు. మందు కాలేయాన్ని తినేసింది. మానుకోట దవాఖానలో పోయాడని వదిన ఫోను చేసి చెప్పింది.

నేను మానుకోటలో రైలు దిగి, ఆ ఫ్లెక్సీ చూసిన రోజే తండాలో సంతాప సభ. ఇంటి ముందు చిన్న షామియానా వేశారు. హెడ్డు కారులో వచ్చాడు. మైకు పట్టుకుని, అన్న మన భాష కోసం, మన యాస కోసం పోరాడిన బిడ్డ అన్నాడు. చప్పట్లు కొట్టారు. అన్న తల్లికి తెలుగు సరిగా రాదు, అందరూ కొడుతున్నారు కదా అని ఆమె కూడా రెండు చేతులూ కలిపింది. మైకు దించాక నేను హెడ్డు దగ్గరికి పోయాను.

"సార్, ఇప్పుడన్న ఆ లైను ముందల హ్యాష్ తీసేద్దామా?"

ఆయనకు వెంటనే గుర్తు రాలేదు. గుర్తొచ్చాక నా భుజం తట్టాడు. "ఏ కాలంల ఉన్నవ్ చెల్లే? ఆ సర్వర్ స్క్రాప్‌కు పోయి ఎన్నేండ్లాయె."

లోపల అన్న ఫోటోకు దండ వేయాలని ఇంటివైపు నడిచాడు. వాకిట్లో చిన్న ఇనుప గేటు. ఆయన చెయ్యి చాపేసరికి వదిన గబగబా వచ్చి అడ్డం పెట్టింది. "ఆగున్రి సారూ" అని, తన చేతిని తిరగేసి, వేళ్ళ వెనక భాగంతో గేటును తాకింది. తాకాక, పోండని పక్కకు జరిగింది.

"ఏందమ్మా ఇది?" అన్నాడు హెడ్డు.

"ఏమో సార్. ఆయన గిట్లనే చేస్తుండె. చెయ్యకుంటె కొట్లాడుతుండె. ఇంట్ల అందరికి అలవాటైంది."

హెడ్డు తన వెంట వచ్చినవాళ్ళ వైపు తిరిగి, మెల్లగా, ఎంతో గౌరవంగా చెప్పాడు. "తండాల ఆచారం. మనం గూడ పాటించాలె."

చెప్పులు విప్పాడు. చేతిని తిరగేసి గేటును తాకాడు. ఆ చేతిని రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. వెనకున్నవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి అలాగే తాకి, కళ్ళకద్దుకుని లోపలికి పోయారు. ఎవరో ఫోటో కూడా తీశారు.